ప్రశ్నల పత్రమా, శోధనపు సంచియా?



గత నెల సంఘకార్యాలయమున జరిగిన కార్యవర్గ సమావేశమునకు నేనును పిలువబడితిని. విత్తన వేరుసెనగ పంపకమును గూర్చియు, పాతబాకీల వసూలును గూర్చియు మాటలు ముగిసిన పిమ్మట, కార్యదర్శిగారొక గుడ్డసంచిని బల్లపై నుంచిరి. అందు పదిపండ్రెండు తపాలాకార్డులును, మన గ్రామముయొక్క పటమును, ఒక చిన్న కెమెరాయును, గీతలు లేని నోటుపుస్తకమును, రంగుపెన్సిళ్లును ఉండెను. ఒక కళాశాలనుండి వచ్చిన పరిశోధకులు మన సంఘమునకై సెల్‌ఫోనులో నడుచు నొక సాధనమును తయారుచేయ నెంచి, దానికి ముందుగా ఇట్టి సంచులను ఇరువది కుటుంబములలో మూడు వారములపాటు ఉంచుదుమని కోరిరట.

సంచిని చూచి కొందఱు నవ్విరి. ఒక పెద్దరైతు, "మనము బొమ్మలు గీయు వయస్సున నున్నామా? వారికి కావలసినది అడిగిన చెప్పుదుము. కాగితము తెచ్చుకొని వ్రాసికొని పోవచ్చునుగదా" యనెను. వేఱొకరు, "మన యింటి ఫొటోలు వారికేల? రేపు అప్పుకు వచ్చినప్పుడు అవి యెవరి చేతిలో నుండునో" యని సందేహించిరి. నిర్ణయము సర్వసభ్య సమావేశమునకు వాయిదా పడినది.

ఈ రెండు మాటలలో రెండవది నిజముగా ఆలోచింపదగినదే. దాని సంగతి పిమ్మట వ్రాసెదను. మొదటి మాట మాత్రము నన్ను ఆ రాత్రి నిద్రపోనీయలేదు. అడిగిన చెప్పుదురు, వ్రాసికొని పోవచ్చును అను పద్ధతిని నమ్మి నేనే యొకప్పుడు చెడితిని.

కొన్నియేండ్ల క్రిందట పైర్ల తెగుళ్లను గూర్చిన సలహాలను సెల్‌ఫోనులకు పంపు నొక యేర్పాటు మా ప్రాంతమున మొదలయ్యెను. దానికి ముందు ఇంటింటి వివరములు సేకరించు పని నాకప్పగించిరి. నలువది ప్రశ్నల పత్రము. పీలేరు చుట్టుపట్ల పల్లెలలో కళ్లములవెంటను, రచ్చబండలవెంటను తిరిగి పత్రములు నింపితిని. ఇంట సెల్‌ఫోను గలదా? గలదు. తెలుగు చదువ వచ్చునా? వచ్చును. సలహా పంపిన ఉపయోగపడునా? ఎందుకు పడదు, పంపుడు. నేను సంతోషముతో కూడికలు వేసి పైకి పంపితిని. ఆ ఖరీఫున వేరుసెనగకు తిక్కా ఆకుమచ్చ తెగులు తగిలెను. మందు కొట్టవలసిన అదనున వార్త పంపబడెను. రెండు వారములు గడచిన పిదప చేలవెంట పోయి చూతునుగదా, ఆకు రాలి కాడలు మిగిలియున్నవి. పిచికారి చేసినవారు ఊరికి నలుగురైన లేరు.

ఒక అవ్వ గనిమమీద కూర్చుండి పసులకు గడ్డి మోపు కట్టుకొనుచుండెను. "అవ్వా, ఫోనులో చెప్పియుండిరిగదా, మందు కొట్టలేదేమి?" యని అడిగితిని.

"ఏ ఫోను నాయనా? ఫోను మా పిల్లోనిది. వాడు తిరపతిలో ఆటో తోలతాడు. ఫోను వాని జోబీలో ఉంటాది. ఆకుమీద మచ్చ నేను పదిదినాలు ముందే చూస్తిని. నన్నెవురడిగినారు?"

ఆ యింట ఫోను గలదని చెప్పినవాడు అబద్ధమాడలేదు. ఆ యింట ఫోను గలదు. పగలు తిరుపతిలోను, రాత్రి యింటిలోను ఉండును. పిమ్మట నేను మఱల తిరిగి విచారింపగా తెలిసిన సంగతు లివి. ఒకరి యూరిలో సంకేతము అందునది ఊరిబయట గుండుమీద మాత్రమే. ఒకరు బస్సుపై బోర్డు చదువగలరుగాని ఫోనుపై చీమలవంటి అక్షరములను చదువలేరు. ఒకరి ఫోను నిండ పండుగ శుభాకాంక్షలును, అప్పులిత్తుమను ప్రకటనలును నిండియుండి, మా వార్త అందు ఇసుకలో ఆవగింజయైనది. నా పత్రమున ఈ సంగతులకు గడి లేదు. గడి లేనిదానిని ఎవరును చెప్పరు, చెప్పినను వ్రాయుటకు చోటుండదు. అన్నిటికంటె నాకు సిగ్గు కలిగించినదేమనగా, చేనిలో మచ్చను మొదట చూచునది కలుపుతీయు స్త్రీ యని ఇరువదియేండ్లుగా ఎఱిగియుండియు, నేను నింపిన పత్రములలో ఒక్కటియైన స్త్రీ నోటినుండి నింపలేదు. తప్పు పత్రముదని చెప్పి తప్పించుకొనవచ్చునుగాని, పత్రము చేతబట్టినవాడను నేనే.

ఇక సంచి సంగతి. ఇది మన పరిశోధకులు నిన్న కల్పించినది కాదు. మనుష్యుడును కంప్యూటరును ఒకరితో నొకరు ఎట్లు మెలగుదురో విచారించు శాస్త్ర మొకటి గలదు. ఆ శాస్త్రమున ఇట్టి సంచిని శోధిని యందురు. శోధిని యనగానే మనకు తోచునది, వర్తకుడు మూట విప్పకయే లోని పప్పును వెలికి తీసి చూచుటకు గోనెలో గ్రుచ్చు ఇనుపగొట్టము. ఈ పోలిక సగము మాత్రమే సరి. వర్తకుడు గొట్టమును తానే గ్రుచ్చి, తానే తీసి, తానే వెల కట్టును. ఈ శోధిని అట్టిది కాదు. ఆకాశమునకు పంపిన యంత్రమువలె దీనిని విడిచి రావలెను. అది యుండుచోట నుండి, తనకు దొరకిన తునుకలను అప్పుడప్పుడు పంపుచుండును. మనము చేలలో లింగాకర్షక బుట్టలు కట్టి యింటికి వచ్చి, వారము తర్వాత ఏ పురుగు పడెనో చూచుకొనుట దీనికి కొంత దగ్గఱ. అయితే బుట్టలో పురుగు తెలియక పడును. సంచిలో ఏమి వేయవలెనో, ఏమి వేయరాదో నిర్ణయించువాడు ఇంటి యజమాని. ఈ భేదము మఱువరాదు.

ఈ పద్ధతిని మొదట ప్రచురించినవారు బిల్ గేవర్, టోనీ డన్, ఎలీనా పచెంటి యను మువ్వురు. వారి వ్యాసము 1999లో వెలువడినది. ఐరోపా సమాజముల సహాయముతో జరిగిన ఒక పనిలో, ముసలివారు తమ యూరి బ్రతుకులో మఱింత పాలుగొనుటకు ఏ సాధనములు తోడ్పడునో వారు విచారింపవలసియుండెను. ఊళ్లు మూడు. నార్వే రాజధానియగు ఓస్లోలోని మయోర్‌స్తువా పేట, ఆమ్‌స్టర్‌డామునకు చేరువనున్న బైల్మర్ అను పెద్ద యిండ్లసముదాయము, ఇటలీలో పీసా దగ్గఱనున్న పెచ్చోలి యను చిన్న గ్రామము. వీరో బయటినుండి వచ్చిన చదువరులు. వారో పెక్కేండ్ల బ్రతుకు చూచిన పెద్దలు. ప్రశ్నలపత్రము తీసికొనిపోయిన వైద్యుడు రోగిని అడిగినట్లుండునని వీరికి సంకోచము కలిగెను. అందుచే ఒక కట్ట తయారుచేసి పెద్దల చేతికే యిచ్చి వచ్చిరి. అందు బొమ్మల తపాలాకార్డులు గలవు. వెనుక ప్రక్క ఒక ప్రశ్న: నీకు జీవితమున ముఖ్యమైన సలహా యేది, నీ యూరిలో నీకు నచ్చని దేమి, అని. పటములు గలవు. ఎచ్చటికి మనుష్యులను కలిసికొన పోవుదువో, ఎచ్చట ఒంటరిగా నుండుదువో గుర్తు పెట్టుమని. ఒకసారి వాడి పారవేయు కెమెరా గలదు. దాని వెనుక నీ యిల్లు, నేడు నీవు కట్టుకొను బట్ట, నేడు మొదట కనబడిన మనిషి, విసుగు పుట్టించు వస్తువు, ఇట్లు తీయవలసిన వానిని వ్రాసియుంచిరి. ఆరునుండి పది చిత్రములతో నీ కథ చెప్పుమని యొక చిన్న ఆల్బమును ఇచ్చిరి. పెద్దలు వీలు చూచుకొని ఒక్కొక్కదానిని వేఱువేఱుగ తపాలలో వేసిరి.

వచ్చిన తునుకలను లెక్కించి నూటికింత యని వారు వ్రాయలేదు. ఊరి గాలి యెట్లు వీచుచున్నదో తెలిసికొని, దానినిబట్టి తమకు తోచిన యూహలను తయారుచేసిరి. మూడూళ్లకును మూడు వేఱు యూహలు. ఓస్లోలో పెద్దలే గ్రంథాలయమునుండి ఊరికి ప్రశ్నలు వేయుదురు. ఆ ప్రశ్నలు కాఫీశాలలలోను, ట్రాముబండ్లలోను కనబడి జనులు బదులు చెప్పుదురు. బైల్మరున అచ్చటివారి యభిప్రాయములు అచ్చటనే కనబడుచుండును. పెచ్చోలిలో కొండపొలముల చప్పుళ్లును, మనుష్యుల మాటలును రేడియోవలె వినవచ్చును. ప్రశ్నలపత్రము నింపియున్నచో మూడూళ్లకును ఒకే బోర్డు, ఒకే మీట, ఒకే యంత్రము వచ్చియుండునని నా నమ్మకము. మా పనిలో అట్టివి చాల చూచితిని.

2003లో మఱికొంద రింకొక అడుగు వేసిరి. కాగితపు సంచికి బదులు ఒక చిన్న యంత్రమునే యింటిలో నుంచిరి. స్వీడను, ఫ్రాన్సు, అమెరికా దేశములలోని కుటుంబములలో, దూరముగ నున్న బంధువుల యిండ్ల నడుమ చిన్న చీటీలు వ్రాసికొను పలక యొకటియు, ఎదుట ఏదైన మూడు సెకనులు కదలక నిలిచిన ఫొటో తీసి రెండవ యింట చూపు యంత్ర మొకటియు. ఆ యంత్రముల గుణమేమనగా అవి చేయు పని కొంచెము; ఎట్లు వాడవలెనో ఎవరును చెప్పరు. ఏమి చేయుదురో చూడవలెనని ఉంచినవి అవి. విజ్ఞులు బంధువుల నడుమ గంభీరమైన వర్తమానము లుండుననుకొనియుందురు. వచ్చినవానిలో ఆటలును, వేళాకోళములును మిక్కుటము. ఇంటివారు ఒకరితో నొకరు ఆడుకొనుటయు ఒక అవసరమే యని ఆ పరిశోధకులు వ్రాసికొనిరి.

ఇది సీమదేశపు వేడుక, మనకెందుకు అనువా రుందురు. మన దేశమునకు వచ్చి చూతము. 1889లో జాన్ అగస్టస్ వోల్కరను రసాయనశాస్త్రజ్ఞుడు ఇచ్చటి వ్యవసాయమును బాగుచేయుటకై ఇంగ్లండునుండి పంపబడెను. ఏడాదికి పైగా దేశమంతయు తిరిగి, 1893లో అచ్చయిన తన నివేదికలో, హిందూదేశపు రైతు సగటు ఆంగ్లరైతునకు తీసిపోడనియు, కొన్నిటియందు మిన్నయనియు వ్రాసెను. నేర్పవచ్చినవాడు ముందు చూచి నేర్చికొనెను. పత్రము నింపించుకొని పోయియున్నచో ఆ వాక్యము వ్రాసియుండడు.

మన తెలుగుదేశముననే మఱియొకటి. 2004లో హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. వారు ఈ-సాగు అను పని మొదలిడిరి. వరంగల్లు ప్రాంతమున ప్రత్తిరైతుల చేలను ఊరివాడే యగు నొక సహాయకుడు వారమువారము చూచి, పైరు ఫొటోలు తీసి పంపెడివాడు. హైదరాబాదులోని వ్యవసాయ పండితులు వానిని చూచి, ఆ చేనికి తగిన సలహా వ్రాసి పంపెడివారు. రైతు ప్రశ్న యడుగనక్కఱలేదు. చేనే ప్రశ్న యడుగును. ఇందు నాకు మిక్కిలి నచ్చిన దిది. ఒక్క కొఱత చెప్పవలెనన్న, ఏ ఆకును ఫొటో తీయవలెనో నిర్ణయించువాడు సహాయకుడు. మా అవ్వ చూచిన ఆకు వేఱుగ నుండవచ్చును.

మన రాయలసీమలో 2016 జూనులో ఇక్రిశాటు వారును మైక్రోసాఫ్టు వారును కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఏడు గ్రామములలో 175 మంది రైతులకు వేరుసెనగ విత్తు అదనును గూర్చి తెలుగున వార్తలు పంపిరి. తొలివానకే తొందరపడక జూను చివరివారమువరకు ఆగుడని చెప్పిన యా సలహాను పాటించినవారికి దిగుబడి సగటున నూటికి 30 వంతులు హెచ్చినదని వారు ప్రకటించిరి. మంచిదే. సాధారణమైన ఫోను చాలును, చేనిలో ఏ యంత్రమును పెట్టనక్కఱలేదు. కాని ఆ వార్త పైనుండి క్రిందికి వచ్చునది. క్రిందినుండి పైకి పోవు త్రోవ వేఱుగ వేయవలెను. సలహా సరియైనదే యైనను, అది యెవరి జేబులో మ్రోగునో తెలియనిచో, నా తిక్కా తెగులు కథయే మఱల జరుగును.

సహకార సంఘముల కథ చెప్పవలెనన్న మహారాష్ట్రమున వారణా చెఱకు సంఘము గలదు. 1998లో అచ్చట గ్రామగ్రామమున కంప్యూటరు గదులు పెట్టిరి. ఇంటర్నెటు వచ్చును, లోకజ్ఞానమంతయు రైతు ముంగిటికి వచ్చునని గొప్ప యాశ. తరువాత కొందఱు పరిశోధకులు పోయి ఊరకయే కూర్చుండి, ఆ గదులలో నిజముగా జరుగుచున్న దేమి యని చూచిరి. చెఱకు ఎంత తూగెను, ఎరువు ఎంత యిచ్చిరి, లెక్క యెంత, ఇంతియే. ఈ పనికి అంత యంత్రమేల యని తలచి, 2006-07 ప్రాంతమున ఏడు గ్రామములలో కంప్యూటరు తీసివేసి, పొట్టివార్తలతో నడుచు సామాన్యమైన ఫోనును పెట్టి చూచిరి. పని జరిగినది, కర్చు తగ్గినది. ముందే చూచియున్నచో మిగిలెడి సొమ్ము సంఘముది, అనగా సభ్యులది.

సంచిని గూర్చి వినిన తర్వాత నేనును ఒక చిన్న ప్రయత్నము చేసితిని. నేను మిషనుబడిలో చదువుకొను దినములలో ఒక ఉపాధ్యాయుడు మా చేత మా పల్లె పటమును గీయించెడివాడు. నేను బడి, గుడి, దేవళము, పోస్టాఫీసు గీసితిని. నా ప్రక్కన కూర్చుండు గొఱ్ఱెలకాపరి బిడ్డ వీనిలో ఒక్కటియు గీయలేదు. రెండు కుంటలు, ఒక తుమ్మతోపు, ఒక బండ, ఒక కుక్కలుండు చోటు. ఉపాధ్యాయుడు వానికి తక్కువ మార్కు లిచ్చెను. ఇప్పుడు తలచుకొన్న మా యూరి మేతను గూర్చి తెలిసికొనగోరువానికి ఆ పటమే కావలెను, నాది కాదు.

అది జ్ఞప్తికి వచ్చి, ఎఱిగిన ఐదిండ్లకు ఒక్కొక్క నోటుపుస్తకమిచ్చి, "మీ యిల్లును, చేనును గీసి, ఫోను ఏ వేళ యెచ్చట నుండునో గుర్తు పెట్టుడు, మనసునకు వచ్చినది వ్రాయుడు" అని చెప్పి పది దినములు అటువైపు పోలేదు. రెండు పుస్తకములు ఖాళీగ వచ్చినవి. దాచిపెట్ట నేల, అట్లును జరుగును. ఒకదానిలో ఫోను వేపకొమ్మకు వ్రేలాడుచుండెను, సంకేతము అచ్చటనే యందునట. ఇంకొకదానిలో బడి పిల్లవాడు సాయంకాలము ఆరునుండి తొమ్మిదివరకు ఫోనును తన పుస్తకములప్రక్క గీసి, తండ్రిని దూరముగ నిలిపెను. ఐదవది యొక గృహిణి గీసినది. అందు ఫోను లేనేలేదు. బావియొద్ద మోటారు, దాని పెట్టె, ఇంటినుండి అచ్చటికి ఒక దారి, దారివెంట ఒక పాము బొమ్మ. ప్రక్కన రెండే పంక్తులు. కరెంటు వేళ మారిన వారమంతయు తాను నిద్రలో సహితము మోటారు చప్పుడు వినుచుందుననియు, నీరు తగ్గి గాలి పీల్చుచున్నచో చప్పుడు మారుననియు, అప్పుడు లేచి పోవుదుననియు.

చూడుడు, నలువది ప్రశ్నలలో చప్పుడు గూర్చిన ప్రశ్న నాకు నూఱేండ్లకు తోచునా? ఫోనునుండి మోటారు నడుపు పెట్టెలు బజారులో దొరకుచున్నవి. అవి మోటారును నడుపును, ఆపును. ఆ యిల్లాలికి కావలసినది మోటారును వినుట. ఇది సాధనము చేయువానికి పదివేల రూపాయల విలువచేయు మాట. ఒక్క యింటి మాట గనుక దీనినిబట్టి అందఱికిని ఇట్లే యుండునని చెప్పరాదు. చెప్పిన మఱల తప్పు. కాని యోచన మొదలుపెట్టుటకు ఒక్కటి చాలును.

ఇచ్చటనే ఈ పద్ధతికి గల ప్రమాదమును చెప్పవలెను. శోధిని మూలపురుషుడగు గేవరే 2004లో తోడివారితో కలిసి వ్రాసిన వ్యాసమున, తమ పద్ధతిని చాలమంది తీసికొని, మఱల లెక్కలపట్టీగ మార్చుచున్నారని యసంతృప్తి తెలిపెను. అనిశ్చయమే దాని విలువయనియు, నిశ్చయముగ చేయబూనిన దానిని చంపినట్లనియు అతని యభిప్రాయము. 2007లో బోనర్, వెర్టెసి, సెంగర్స్, డూరిష్ అను నలుగురు విద్వాంసులు ఆ శాస్త్రమున వచ్చిన వ్యాసములను పరిశీలించి, శోధిని పేర జరుగుచున్న పనులలో అనేకము పాత విచారణకే క్రొత్త ముసుగులని చూపిరి. మన సంచిలో కార్డులు రంగులుగ నున్నంతమాత్రమున మోసపోరాదు. "మీకు సంఘపు సేవ తృప్తికరమా, అవునా కాదా" యని కార్డుపై నున్నచో అది నా పాత పత్రమే.

మఱి ఫొటోలను గూర్చి సందేహించిన సభ్యుని మాట. ఆయనది పిఱికితనము కాదు. పాసుపుస్తకము, ఆధారు సంఖ్య, బంగారు కుదువపెట్టిన రసీదు, ఇవి ఇంటిలో గోడకు తగిలించిన సంచులలోనే యుండును. ఫొటోలో పొరబాటున పడవచ్చును. 2023లో పార్లమెంటు చేసిన డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఒప్పుదల స్వేచ్ఛగ, విషయము తెలిసి, ఒక నిర్దిష్టమైన పనికై యీయవలెననియు, ఇచ్చినదానిని వెనుకకు తీసికొనవచ్చుననియు చెప్పుచున్నది. పరిశోధనకు అందు మినహాయింపులును గలవు. అందుచే చట్టమును నమ్మి కూర్చుండక, సంఘమే ఒప్పందపత్రము వ్రాయించుకొనవలెను. సంచి తిరిగి యిచ్చుటకు ముందు ఇంటివారు కూర్చుండి తమకు ఇష్టములేని పుటలను చింపివేయవచ్చును, ఫొటోలను చెరిపివేయవచ్చును. ఏల యని యడుగరాదు. ఫొటోలో పడిన యితరుల యనుమతి కావలెను. అప్పుల సంగతి సంచిలో రాకూడదు. మన సంఘపు అప్పుల గుమాస్తాకు ఒక్క పుటయైన కనబడరాదు. ఈ కడపటి మాట మన కార్యదర్శిగారికి కొంచెము కష్టముగ నుండవచ్చును, అయినను వ్రాయుచున్నాను.

ఇంకొకటి. పరిశోధకులు వచ్చి, తీసికొని, పట్టములు పొంది, మఱల కనబడకపోవుట మన పల్లెలకు క్రొత్త కాదు. సంచులనుండి వారికేమి తోచెనో, దానిని ఊరిలోనే, రచ్చబండయొద్దనే, తెలుగున చెప్పి, ఇది కాదు అని మనము చెప్పిన దిద్దుకొను నిబంధన యుండవలెను. తాము తయారుచేసిన సాధనమును మూడూళ్లలో సగము కట్టియే ఇచ్చి చూడవలెను. పూర్తిగ కట్టి తెచ్చినచో దానిని మార్చుటకు వారికి మనసు రాదు. ఇరువది సంచులలో కనీసము సగము స్త్రీలకే ఈయవలెను. ఇంటికి ఒక్కటి యనిన అది తప్పక పురుషుని చేతనే యుండును. కౌలురైతులకును, భూమిలేక కూలికి పోవు సభ్యులకును ఈయవలెను. తోతాపురి మామిడి తోటలున్న పెద్దయిండ్లకే ఇచ్చినచో మామిడిగుజ్జు ధరయే సర్వస్వమని తేలును, చిన్నమడి టమోటా రైతు తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్టునకు పెట్టెలు వేసికొని పోవు పాట్లు ఎవరికిని తెలియవు.

వ్రాత రానివారి మాటయేమని అడుగవచ్చును. గుజరాతులో అవాజ్ ఓటలో యను పేర ఫోనులో రైతులు తమ ప్రశ్నను నోటితోనే చెప్పి, ఇతరుల ప్రశ్నలను, బదుళ్లను వినుటకు ఒక యేర్పాటు చేసి, 2010లో దాని ఫలితమును ప్రచురించిరి. తోడిరైతు లడిగిన ప్రశ్నలను, వాని బదుళ్లను వినుటయే అందఱికంటె రైతులు మెచ్చిన భాగమట. గనుక కార్డులకు బదులు మాట పట్టుకొను చిన్న యంత్రమును సంచిలో వేయవచ్చును. ఖరీదు కొంచెము హెచ్చును. ఆ హెచ్చును వారే భరింపవలెను.

ఈ నిబంధనలతో సంచులను అంగీకరింపుడని సర్వసభ్య సమావేశమున నేను కోరనున్నాను. ఒప్పందము చిత్తుప్రతిని కార్యాలయమున నుంచినాము; చదువగోరువారు పని దినములలో ఉదయము వచ్చి చదువవచ్చును, చదువ రానివారికి గుమాస్తా చదివి వినిపించును. పీలేరు దగ్గఱి ఆ అవ్వ యింటికి మాట పట్టు యంత్రముగల సంచి నొకదానిని నేనే తీసికొనిపోయెదనని కార్యదర్శిగారికి చెప్పియున్నాను. ఆమె కుమారుడు ఆదివారము ఇంట నుండును. కావున ఆదివారము కాక, బుధవారము పోయెదను.